జీటీఎక్స్ 970, జీటీఎక్స్ 1060: ఇప్పుడు ఏది తీసుకోవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

పాత డెస్క్‌టాప్‌కు గ్రాఫిక్స్ కార్డు వేసుకుందామని సెకండ్ హ్యాండ్‌లో వెతికేవాళ్లకు ఎక్కువగా ఎదురయ్యే ఎన్విడియా కార్డుల్లో ఈ రెండూ ఉంటాయి. వీటి గురించి మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలకు జవాబులు ఇవి. డబ్బులు చేతులు మారకముందే చదివితే మేలు.

ఒక్క ముక్కలో చెప్పండి, ఏది కొనాలి?

కొత్తగా కొనేవాళ్లయితే 1060. అదీ 6 జీబీది మాత్రమే. ఇంట్లో ఇప్పటికే 970 ఉండి బాగా నడుస్తుంటే మాత్రం దాన్ని అమ్మి 1060 తెచ్చుకోవద్దు. వేగంలో కలిసొచ్చేది తక్కువ, చేతి నుంచి పడేది ఎక్కువ. రెండూ వయసు మీరిన కార్డులే కాబట్టి ఏది మంచిదన్నదానికంటే ఎంతకు దొరుకుతోంది అన్నది ముఖ్యం.

ఏది ఎప్పటిది?

970 సెప్టెంబర్ 2014లో వచ్చింది. మాక్స్‌వెల్ తరం, 28 నానోమీటర్ల చిప్పు. విడుదల ధర 329 డాలర్లు. 1060 జూలై 2016లో వచ్చింది. పాస్కల్ తరం, 16 నానోమీటర్లు. ధర 249 డాలర్ల నుంచి మొదలైంది. మధ్యలో రెండేళ్లే తేడా, కానీ ఆ రెండేళ్లలో చిప్పుల తయారీలో పెద్ద మార్పే వచ్చింది. 970 చిప్పు 398 చదరపు మిల్లీమీటర్లు ఉంటే, 1060 చిప్పు 200 దగ్గర ఆగింది. అంటే సగం సైజు. అయినా పని ఎక్కువే చేస్తుంది.

970లో కోర్లు 1664, 1060లో 1280 మాత్రమే. మరి తక్కువ కోర్లున్నది ఎలా గెలుస్తుంది?

కోర్ల లెక్క ఒక్కటే చూస్తే ఎవరికైనా ఇదే అనుమానం వస్తుంది. కోరు ఎంత వేగంగా పరుగెడుతుందో కూడా చూడాలి. 970 బూస్ట్ క్లాక్ (భారం పడ్డప్పుడు అందుకునే వేగం) 1178 మెగాహెర్ట్జ్, 1060ది 1708. కోర్ల సంఖ్యను క్లాక్‌తో, ఆపైన రెండుతో గుణించండి. 970కి దాదాపు 3.9 టెరాఫ్లాప్స్ (సెకనుకు లక్ష కోట్ల లెక్కలు ఒక టెరాఫ్లాప్), 1060కి దాదాపు 4.4 వస్తాయి. కాగితం మీద తేడా పన్నెండు శాతం దాకా.

మెమరీ దగ్గర కథ తిరగబడుతుంది. 970కి 256 బిట్ల బస్సు (చిప్పుకూ మెమరీకీ మధ్య దారి), కాగితం మీద సెకనుకు 224 జీబీ. 1060కి 192 బిట్లు, 192 జీబీ. అయితే పాస్కల్‌లో రంగుల సమాచారాన్ని కుదించి పంపే పద్ధతి మాక్స్‌వెల్ కంటే మెరుగైంది, కాబట్టి ఆ ఇరుకు బస్సు పెద్దగా అడ్డం రాదు. పైగా 970 చెప్పుకునే 224 పూర్తిగా నిజం కాదు. కింది ప్రశ్న దాని గురించే.

970లో 4 జీబీ అని రాసి 3.5 జీబీ ఇచ్చారంటారు, నిజమా?

4 జీబీ ఉంది. కానీ అంతా ఒకే వేగంతో పనిచేయదు. ఈ గొడవ జనవరి 2015లో బయటపడింది. ఇప్పటికీ సగం సగం తెలిసి మాట్లాడేవాళ్లే ఎక్కువ కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

970లో ఉన్నది జీఎం204 అనే చిప్పు. ఇదే చిప్పు పూర్తి రూపంలో జీటీఎక్స్ 980లో ఉంటుంది. ఆ చిప్పులో మెమరీని పలకరించే దారులు ఎనిమిది, ఒక్కోటి 32 బిట్లు. ప్రతి దారికీ ముందు ఎల్2 క్యాష్ (చిప్పులోనే ఉండే చిన్న, వేగమైన మెమరీ) ముక్క ఒకటి కాపలా ఉంటుంది. 970 కోసం చిప్పును తగ్గించేటప్పుడు ఎన్విడియా ఎనిమిది క్యాష్ ముక్కల్లో ఒకదాన్ని ఆపేసింది. దాని వెనకున్న మెమరీ దారిని మాత్రం ఆపలేదు, పక్క క్యాష్ ముక్కకే తగిలించింది. దాంతో ఒకే ద్వారం మీద రెండు దారుల భారం పడింది.

ఈ ఇరుకును తప్పించడానికి మెమరీని రెండు భాగాలుగా విడగొట్టారు. మొదటి 3.5 జీబీ ఏడు దారుల మీద సెకనుకు 196 జీబీ వేగంతో నడుస్తుంది. చివరి అర జీబీ ఒక్క దారి మీద 28 జీబీ వేగంతో ఈడుస్తుంది. రెండు భాగాలనూ ఒకేసారి చదవడం కుదరదు కాబట్టి, 224 అన్న అంకె పెట్టె మీదే మిగిలిపోయింది. విడుదలప్పుడు 64 ఆర్‌ఓపీలు (బొమ్మకు తుదిరూపం ఇచ్చే భాగాలు), 2 ఎంబీ క్యాష్ అని చెప్పినవి కూడా తర్వాత 56, 1.75గా తేలాయి. ఇంజినీర్లకు తెలిసింది మార్కెటింగ్ వాళ్లకు చేరలేదని కంపెనీ సంజాయిషీ చెప్పుకుంది. అమెరికాలో కేసు పడి, 2016లో కొనుగోలుదారుకు కార్డుకు 30 డాలర్ల చొప్పున ఇచ్చేందుకు ఒప్పుకున్నారు. ఇక్కడ కొన్నవాళ్లకు ఆ 30 డాలర్లు కూడా లేవు.

ఆ అర జీబీ వల్ల ఇప్పుడు ఆడేటప్పుడు తెలుస్తుందా?

3.5 జీబీ దాటనంత వరకు తెలియదు. ఏది ముఖ్యమో చూసి, తక్కువ వాడే సమాచారాన్ని ఆ నెమ్మది భాగంలోకి నెట్టే పనిని డ్రైవరే చేస్తుంది. 2015 నాటి గేముల్లో అందుకే గొడవ అంతగా కనిపించలేదు. ఇప్పటి గేముల్లో టెక్స్‌చర్లు (వస్తువుల మీద పరిచే బొమ్మలు) హైలో పెడితే 4 జీబీ సునాయాసంగా నిండుతుంది. అప్పుడు సగటు ఫ్రేములు బాగానే కనిపిస్తాయి, ఆట మాత్రం ఉన్నట్టుండి ఒక్క క్షణం ఆగి కదులుతుంది. మలుపు తిరగగానే బొమ్మ గతుక్కుమంటుంది. సెట్టింగుల్లో టెక్స్‌చర్ క్వాలిటీని మీడియంకు దించితే చాలా వరకు సర్దుకుంటుంది. 970 వాడేవాళ్లు ముందు మార్చుకోవాల్సింది ఆ ఒక్క సెట్టింగే. నీడలు, గడ్డి, పొగమంచు తగ్గించడం తర్వాతి మాట.

గేముల్లో మొత్తం మీద తేడా ఎంత?

1080పీలో 1060 పది నుంచి ఇరవై శాతం ముందుంటుంది. మెమరీ ఎక్కువ అడిగే గేముల్లో ఈ తేడా పెరుగుతుంది, పాత గేముల్లో దాదాపు కనపడదు. జీటీఏ 5, వాలరెంట్, రాకెట్ లీగ్ లాంటివి రెండింటి మీదా హాయిగా ఆడొచ్చు. వీటిలో కార్డు కంటే ముందు మీ ప్రాసెసరే చేతులెత్తేస్తుంది. మొబైల్ గేములను ఎమ్యులేటర్‌లో ఆడేవాళ్లకు అసలు ఈ రెండింటి మధ్య చర్చే అనవసరం. అక్కడ ప్రాసెసర్, ర్యామ్ చూసుకోండి.

కొత్త గేములు నడుస్తాయా?

కొన్ని నడుస్తాయి, కొన్ని తలుపు దగ్గరే ఆపేస్తాయి. సైబర్‌పంక్ 2077 ఒక్కటి చూస్తే కాలం ఎలా జరిగిందో తెలుస్తుంది. 2020లో వచ్చినప్పుడు ఆ గేముకు 1060 6 జీబీ రికమెండెడ్ కార్డు. 2023లో గేము తయారుచేసిన కంపెనీ అవసరాలను సవరించాక అదే కార్డు మినిమమ్ వరుసలోకి దిగింది.

రే ట్రేసింగ్ (వెలుతురు కిరణాలను లెక్కగట్టి బొమ్మ గీసే పద్ధతి) హార్డ్‌వేర్ ఉంటే తప్ప తెరుచుకోని గేములు వేరే వర్గం. డూమ్: ది డార్క్ ఏజెస్ ఇలాంటిదే. అక్కడ 970 అయినా 1060 అయినా ఒకటే, రెండూ పనికిరావు. 2019లో వచ్చిన ఒక డ్రైవర్ 1060 6 జీబీకి రే ట్రేసింగ్ నడిపే వీలు కల్పించింది గానీ, అది ఆడుకునే వేగం కాదు. చిన్న సైజులో గీసిన బొమ్మను పెద్దది చేసి వేగం పెంచే ఎన్విడియా సదుపాయం డీఎల్‌ఎస్ఎస్ రెండింటికీ లేదు. అదే పని చేసే, ఏఎండీ వాళ్ల ఎఫ్ఎస్ఆర్ ఉన్న గేముల్లో దాన్ని ఆన్ చేసుకోండి, రెండు కార్డుల మీదా పనిచేస్తుంది. బొమ్మ కాస్త మసకబారుతుంది, ఆట మాత్రం ఆడే స్థితికి వస్తుంది.

1060లో 3 జీబీది చౌకగా వస్తోంది, తీసుకోవచ్చా?

వద్దు. మెమరీ ఒక్కటే తక్కువని చాలామంది అనుకుంటారు. కోర్లు కూడా తక్కువే, 1280 బదులు 1152. పేరు మాత్రం అదే పెట్టారు. నన్నడిగితే దీనికి 1050 సిరీస్ పేరు పెట్టి ఉండాల్సింది. 3 జీబీ 1060కీ 970కీ మధ్య తేల్చుకోవాల్సి వస్తే 970 తీసుకోండి.

రెండింటికీ డ్రైవర్లు ఆగిపోయాయట కదా?

అవును, ధర మాట్లాడేటప్పుడు మీ చేతిలో ఉన్న పెద్ద ఆయుధం ఇదే. మాక్స్‌వెల్, పాస్కల్ తరాలకు 580 వరుస డ్రైవర్లే ఆఖరివి. కొత్త గేములకు తగినట్టు మెరుగులు దిద్దే గేమ్ రెడీ డ్రైవర్లు అక్టోబర్ 2025తో ముగిశాయి. భద్రతా లోపాలను సరిచేసే అప్‌డేట్లు మాత్రం మూడు నెలలకోసారి చొప్పున అక్టోబర్ 2028 వరకు ఇస్తామని ఎన్విడియా ప్రకటించింది.

అంటే కార్డు రేపే ఆగిపోదు. ఇవాళ నడిచే గేము రేపూ నడుస్తుంది. ఇకముందు వచ్చే గేములో బొమ్మ చెదిరినా, క్రాష్ అయినా సరిచేసే నాథుడు మాత్రం ఉండడు. రెండేళ్లు చిన్నదైనా ఈ విషయంలో 1060కి 970 కంటే ఒక్క రోజు కూడా ఎక్కువ ఆయుష్షు రాలేదు. రెండింటికీ ఒకే రోజు తెర దించారు.

ఎస్ఎంపీఎస్ (పీసీకి కరెంటు అందించే పెట్టె) ఎంత ఉండాలి?

ఎన్విడియా లెక్క ప్రకారం 970కి 500 వాట్లు, 1060కి 400 వాట్లు. కార్డు ఒక్కటే తాగేది వరుసగా 145, 120 వాట్లు. ఫ్యాక్టరీలోనే ఓవర్‌క్లాక్ చేసి అమ్మిన 970లు 145 దాటి పోతాయి.

వాట్ల అంకె కంటే ఆ ఎస్ఎంపీఎస్ ఎలాంటిదన్నది ముఖ్యం. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే ఎస్ఎంపీఎస్ మీద 450 అని స్టిక్కరుంటుంది. పక్కనే చిన్న అక్షరాల్లో ఉండే పట్టిక చదవండి. 12 వోల్టుల వరుసలో ఎన్ని ఆంపియర్లు రాశారో దాన్ని పన్నెండుతో గుణిస్తే కార్డుకూ ప్రాసెసర్‌కూ నిజంగా అందే వాట్లు వస్తాయి. 18 ఆంపియర్లుంటే 216 వాట్లే. 450 సంగతి అక్కడ తేలిపోతుంది.

కనెక్టర్లు కూడా చూసుకోండి. 970 మామూలుగా రెండు 6 పిన్‌లు అడుగుతుంది, కొన్ని మోడళ్లు ఒక 8 పిన్, మరికొన్ని 8, 6 కలిపి. 1060కి ఎక్కువగా ఒక్క 6 పిన్ సరిపోతుంది, కొన్నింటికి 8 పిన్. ఎస్ఎంపీఎస్‌లో ఆ వైర్లు లేవని హార్డ్‌డిస్క్ వైరుకు కన్వర్టర్ తగిలించి ఇస్తామంటారు. ఆ పని చేయించుకోవద్దు. ఆ సన్నటి వైర్లు వేడెక్కి ప్లాస్టిక్ కరగడం మామూలే.

ఆఫీసు వాళ్లు అమ్మేసిన బ్రాండెడ్ పీసీ కొన్నాను. అందులో వీటిని పెట్టొచ్చా?

చాలా వాటిలో కుదరదు. సన్నటి క్యాబినెట్ అయితే కార్డే పట్టదు. టవర్ అయినా లోపలి ఎస్ఎంపీఎస్ 240, 290 వాట్లే ఉండి, గ్రాఫిక్స్ కార్డు వైరే ఉండదు. మార్చేద్దామంటే కొన్ని మోడళ్లలో మదర్‌బోర్డుకు వెళ్లే కనెక్టర్ మామూలు 24 పిన్‌ది కాదు. డెల్ ఆప్టిప్లెక్స్ 9020లో అది 8 పిన్‌లదే. కన్వర్టర్ వైరు దొరుకుతుంది గానీ, ఎస్ఎంపీఎస్, వైరు, కార్డు అన్నీ కలిపితే పీసీ కొన్న డబ్బు దాటిపోతుంది.

ఇలాంటి పీసీకి 1050 టీఐ సరైనది. స్లాట్ నుంచి వచ్చే 75 వాట్లతోనే నడిచే మోడళ్లున్నాయి, పొట్టి బ్రాకెట్‌తోనూ దొరుకుతాయి. వేగం 1060 కంటే బాగా తక్కువ, 970 కంటే కూడా తక్కువే. కానీ పెట్టగానే పనిచేస్తుంది.

నా ప్రాసెసర్ నాలుగో తరం ఐ5. కార్డుకు సరిపోతుందా?

రెండింటికీ సరిపోతుంది. 2015లో ఓక్యులస్ రిఫ్ట్ వీఆర్ హెడ్‌సెట్‌కు సిఫార్సు చేసిన జోడీయే ఐ5 4590, జీటీఎక్స్ 970. రెండు కార్డులూ పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3.0వి. పాత 2.0 స్లాట్‌లోనూ పనిచేస్తాయి, అందువల్ల పోయే వేగం లెక్కలోకి రానంత తక్కువ. ర్యామ్ ఒకే 8 జీబీ స్టిక్ ఉంటే ఇంకోటి జోడించండి. కార్డు మార్చడం కంటే అదే ముందు కనిపించే మార్పు అవుతుంది.

కరెంటు బిల్లులో తేడా ఉంటుందా?

ఆడేటప్పుడు 970 సుమారు 50 వాట్లు ఎక్కువ లాగుతుందని గట్టిగానే లెక్కేద్దాం. రోజుకు నాలుగు గంటలు, నెలకు ముప్పై రోజులు ఆడితే 6 యూనిట్లు. స్లాబ్ అంచున ఉన్న ఇల్లు తప్ప మిగతావాళ్లు పట్టించుకోనక్కర్లేదు.

నా మానిటర్‌కు వీజీఏ మాత్రమే ఉంది. ఎలా?

ఈ ఒక్క విషయంలో 970దే పైచేయి. దాని డీవీఐ పోర్టులో అనలాగ్ సిగ్నల్ కూడా ఉంటుంది. చిన్న, చవక కన్వర్టర్ తగిలిస్తే వీజీఏ మానిటర్ వెలుగుతుంది. రెండు డీవీఐ పోర్టులున్న మోడళ్లలో ఒకటి డిజిటల్ ఒక్కటే ఇచ్చేది కావచ్చు. పొడుగాటి అడ్డగీత పక్కన నాలుగు చిన్న రంధ్రాలున్నది అనలాగ్ ఇచ్చేది.

పాస్కల్ తరం నుంచి ఎన్విడియా అనలాగ్‌ను పూర్తిగా తీసేసింది. 1060 డీవీఐకి ఆ నాలుగు రంధ్రాలు ఉండవు. ఆ చవక కన్వర్టర్ అందులో దూరనే దూరదు. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు మార్చే, లోపల చిప్పున్న అడాప్టర్ కొనుక్కోవాలి.

ఫ్రీసింక్ మానిటర్‌తో?

ఫ్రీసింక్ అంటే కార్డు ఇచ్చే ఫ్రేములకు తగ్గట్టు మానిటర్ తన వేగాన్ని మార్చుకోవడం. ఇక్కడ 1060 గెలుస్తుంది. జనవరి 2019 నుంచి ఎన్విడియా తన కార్డులను ఫ్రీసింక్ మానిటర్లతో పనిచేయనిచ్చింది, కానీ 10 సిరీస్ (పాస్కల్) నుంచే. డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ వాడాలి. 970 ఖరీదైన, ఎన్విడియా సొంత జీ సింక్ మాడ్యూల్ ఉన్న మానిటర్లతో మాత్రమే కుదురుతుంది. ఫ్రేములు 45, 55 మధ్య ఊగే పాత కార్డుకు ఈ సదుపాయం ఉంటే ఆట ఎంత నున్నగా కనిపిస్తుందో వాడితేనే తెలుస్తుంది. పది శాతం వేగం కంటే నేను దీనికే ఎక్కువ విలువిస్తాను.

యూట్యూబ్, సినిమాలు, ఎడిటింగ్‌కు ఏది మేలు?

1060. యూట్యూబ్ 4కే వీడియోలు వాడే వీపీ9 ఫార్మాట్‌నీ, 10 బిట్ హెచ్ఈవీసీ ఫైళ్లనూ అది పూర్తిగా హార్డ్‌వేర్‌లోనే విప్పుతుంది. 970కి ఆ పూర్తి సదుపాయం లేదు, భారం ప్రాసెసర్ మీద పడుతుంది. నాలుగో తరం ఐ5తో 4కే సినిమా పెట్టి చూడండి, ఫ్యాన్ హోరు పక్క గదికి వినిపిస్తుంది. ఇంకా కొత్త ఫార్మాట్ ఏవీ1కు ఆ సదుపాయం రెండింటిలోనూ లేదు.

ఫోన్‌లో హెచ్ఈవీసీలో తీసిన వీడియోలను ఎడిట్ చేసేవాళ్లకూ ఇదే మాట. పెళ్లి వీడియోల పని చేసేవాళ్లు ఈ రెండింటి దగ్గరా ఆగకుండా పాస్కల్ తర్వాత వచ్చిన ట్యూరింగ్ తరానికి వెళ్లడం మంచిది.

ఇంజినీరింగ్ చదువుతున్నాను. మెషిన్ లెర్నింగ్ నేర్చుకోవడానికి 1060 పనికొస్తుందా?

ఇందుకోసం మాత్రం రెండూ కొనొద్దు. కార్డుతో లెక్కలు చేయించే ఎన్విడియా సాఫ్ట్‌వేర్ సీయూడీఏ (CUDA) 13 నుంచి మాక్స్‌వెల్, పాస్కల్ రెండింటినీ తొలగించారు, పాత 12 వెర్షన్లకు కట్టుబడి ఉండాలి. లైబ్రరీలు ముందుకు పోయేకొద్దీ ఇన్‌స్టాలేషన్ తలనొప్పులు పెరుగుతాయి. 1060లో 16 బిట్ లెక్కలు 32 బిట్ వేగంలో 64వ వంతే నడుస్తాయి కాబట్టి, ఇప్పటి మోడళ్లకు కావాల్సిన చోటే అది చతికిలపడుతుంది. గూగుల్ కొలాబ్‌లో ఉచితంగా దొరికే టీ4 కార్డు ఇంతకంటే చాలా నయం. ఇంట్లో ఉన్న కార్డుతో చిన్న చిన్న ప్రయోగాలు చేసుకోవడం వేరు, దీనికోసమే కొనడం వేరు.

లినక్స్‌లో?

ఎన్విడియా సొంత 580 డ్రైవర్ వాడితే ఇబ్బంది లేదు. డిస్ట్రిబ్యూషన్ తనంతట తాను కొత్త వరుసకు అప్‌గ్రేడ్ చేయకుండా చూసుకోండి. ఉచిత నోవో డ్రైవర్ ఈ రెండు తరాల కార్డులను బూట్ అయినప్పటి తక్కువ క్లాక్ నుంచి పైకి ఎత్తలేదు. బొమ్మ వస్తుంది, గేము నడవదు.

మైనింగ్‌లో వాడిన కార్డయితే ఎలా గుర్తుపట్టాలి?

1060 విషయంలో ఈ భయం సహేతుకమే. 2017, 2018లో ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీ మైనింగ్ (కార్డులతో రాత్రింబవళ్లు లెక్కలు చేయించి నాణేలు సంపాదించడం) కోసం వీటిని గంపగుత్తగా కొన్నారు. సెప్టెంబర్ 2022లో ఇథీరియం ఆ పద్ధతినే వదిలేసింది. ఇక అప్పుడు కార్డులన్నీ మార్కెట్ మీద పడ్డాయి. 970లకు ఈ బెడద బాగా తక్కువ.

మైనింగ్‌లో వాడినంత మాత్రాన చిప్పు పాడైపోదు. ఎప్పుడూ ఒకే వేడి మీద నడిచిన చిప్పు ఒక్కోసారి రోజూ వేడెక్కి చల్లారిన గేమర్ కార్డు కంటే బాగుంటుంది. అరిగేది ఫ్యాన్లు, ఎండిపోయేది థర్మల్ పేస్ట్, ఉడికేవి మెమరీ చిప్పుల కింది ప్యాడ్‌లు. ఫ్యాన్‌ను వేలితో మెల్లగా తిప్పండి, గరగర తగిలినా, పక్కకు ఊగినా ఫ్యాన్ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. కార్డు వెనుక భాగంలో బోర్డు రంగు మారిందేమో చూడండి. చిప్పు చుట్టూ గోధుమ రంగు వలయం కనిపిస్తే వదిలేయండి. ఒకే అమ్మకందారు దగ్గర ఒకే మోడల్ పది ఉంటే అవి ఎక్కడి నుంచి వచ్చాయో అడగక్కర్లేదు.

పీ106-100 అని ఇంకో రకం ఉంది. 1060 చిప్పే, 6 జీబీయే, కానీ మైనింగ్ కోసమే చేసింది కాబట్టి మానిటర్ తగిలించే పోర్టే ఉండదు. సగం ధరకే 1060 అంటే ముందు కార్డు వెనక ప్లేటు చూడండి.

నకిలీ 1060లు ఉంటాయా?

ఉంటాయి. జీటీఎస్ 450, జీటీఎక్స్ 550 టీఐ లాంటి పాత కార్డుల బయోస్ (కార్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) మార్చి 1060 అని చూపించేలా చేస్తారు. విండోస్ కూడా నమ్మేస్తుంది. ప్లేటు మీద నీలం వీజీఏ పోర్టు కనిపిస్తే మొదటి అనుమానం అక్కడే రావాలి. పాస్కల్‌లో అనలాగే లేదని పైన చెప్పుకున్నాం. డ్రైవర్ సీడీ ఇచ్చి ఇదే వేసుకోవాలి, సైట్ నుంచి దించొద్దు అన్నా నకిలీయే అనుకోండి.

జీపీయూ-జడ్ అనే చిన్న ఉచిత ప్రోగ్రాం 2018 నుంచి ఇలాంటి వాటిని పట్టుకుని పేరు ముందు ఫేక్ అని చూపిస్తోంది. కొత్త వెర్షన్ పెన్ డ్రైవ్‌లో పెట్టుకుని వెళ్లండి. షేడర్ల (అంటే కోర్ల) దగ్గర 970కి 1664, 1060 6 జీబీకి 1280 ఉండాలి. 1152 ఉంటే అది 3 జీబీది.

కొనేముందు ఎలా పరీక్షించాలి?

నడుపుతూ చూపించని కార్డు కొనొద్దు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట అడిగితే టెస్ట్ బెంచ్ మీద పెట్టి చూపిస్తారు. డెస్క్‌టాప్ కనిపించగానే సరే అనకండి. కార్డు మీద పూర్తి భారం వేసే ఫర్‌మార్క్ ప్రోగ్రాం పదిహేను నిమిషాలు నడపమనండి. తెర మీద చుక్కలు, గళ్లు, రంగు చారలు రాకూడదు. 1060 మామూలుగా 83 డిగ్రీల దగ్గర తనను తాను అదుపు చేసుకుంటుంది. రెండు నిమిషాల్లోనే అక్కడికి ఎగబాకితే పేస్ట్ ఎండిపోయిందని అర్థం. అది సరిచేసుకోగలిగేదే, బేరానికి పనికొస్తుంది. ఆ తర్వాత ఏదైనా గేము కాసేపు నడపండి, ఎందుకంటే ఫర్‌మార్క్ మెమరీని పెద్దగా నింపదు. ఉన్న పోర్టులన్నింటిలోనూ కేబుల్ పెట్టి చూడటం మరిచిపోవద్దు.

పని లేనప్పుడు ఫ్యాన్లు తిరగడం లేదని కంగారు పడకండి. చాలా 970, 1060 మోడళ్లలో 60 డిగ్రీల దాకా ఫ్యాన్ ఆగి ఉండేలా చేశారు.

మా ఊళ్లో మే నెలలో 44 డిగ్రీలు. ఏసీ లేదు. తట్టుకుంటుందా?

కార్డు ఎంత చల్లబడాలన్నా గదిలోని గాలి కంటే చల్లబడలేదు. శీతాకాలంలో 65 డిగ్రీల దగ్గర నడిచే కార్డు మే మధ్యాహ్నం 80 దాటడం సహజమే. ఈ గదిలో 120 వాట్ల 1060 నిలకడగా ఉంటుంది, 970 ముందుగా క్లాక్ తగ్గించుకుంటుంది. ఫ్రేమ్ రేటును 60కి కట్టేయండి, ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ ప్రోగ్రాంలో పవర్ లిమిట్‌ను 80 శాతానికి దించండి. ఆటలో తేడా పెద్దగా తెలియదు, వేడి మాత్రం తగ్గుతుంది. క్యాబినెట్ పక్క తలుపు తీసి టేబుల్ ఫ్యాన్ పెట్టడం పనిచేస్తుంది గానీ, నెలలోపే రేకుల మధ్య దుమ్ము పేరుకుంటుంది. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్‌ను వేలితో ఆపి పట్టుకోండి.

రెండో 970 తెచ్చి ఎస్ఎల్ఐ చేస్తే?

ఎస్ఎల్ఐ అంటే రెండు కార్డులను కలిపి ఒకటిగా నడపడం. 970లో కుదురుతుంది, 1060లో ఆ సదుపాయమే లేదు. కానీ ఎస్ఎల్ఐని పట్టించుకునే గేములు దాదాపు రావడం లేదు. రెండు కార్డులు పెట్టినా మెమరీ కలవదు, ఆ 3.5 అలాగే ఉంటుంది. వద్దు.

ఈ రెండూ కాకుండా చూడాల్సినవి ఏమైనా ఉన్నాయా?

ఇంకొంచెం డబ్బు కూడితే జీటీఎక్స్ 1660 సూపర్. 2019 నాటి ట్యూరింగ్ కార్డు, 6 జీబీ జీడీడీఆర్6, మెమరీ వేగం సెకనుకు 336 జీబీ. 580 తర్వాతి డ్రైవర్లు దానికి ఉన్నాయి. 970, 1060, 1660 సూపర్ మధ్య ఊగిసలాడుతున్నవాళ్లు ఒక నెల ఆగి 1660 సూపరే కొనుక్కోవాలని నా సలహా.

ఏఎండీ వైపు ఆర్ఎక్స్ 580 8 జీబీ ఉంది. 1060తో సమానంగా ఆడుతుంది, మెమరీ ఎక్కువ, కానీ 185 వాట్లు తాగుతుంది. 2048ఎస్‌పీ అని తోక ఉన్న 580 అసలు 580 కాదు, 570 తరగతి చిప్పు. అసలుదానికి 2048 కాదు, 2304 కోర్లు ఉంటాయి.

ధర ఎంత దాకా పెట్టొచ్చు?

రేట్లు వారం వారం మారుతుంటాయి కాబట్టి నిష్పత్తి చెబుతాను. మీ ఊళ్లో పనిచేసే 1660 సూపర్ సెకండ్ హ్యాండ్‌లో ఎంతకు వస్తోందో ముందు కనుక్కోండి. 1060 6 జీబీకి అందులో సగం, 970కి మూడో వంతు మించి ఇవ్వకండి. పెట్టె, బిల్లు ఉన్నాయని ఎక్కువ అడుగుతారు. పదేళ్ల నాటి కార్డుకు వారంటీ ఎప్పుడో అయిపోయింది, ఆ పెట్టె అటక మీదకే.

నా 970 బొమ్మ ఇవ్వడం మానేసింది. రిపేరు చేయించాలా?

ముందు మీరే చేయగలిగినవి చేయండి. కార్డు తీసి, బంగారు రంగు అంచును రబ్బరుతో తుడిచి మళ్లీ పెట్టండి. పవర్ వైర్లు మార్చి చూడండి, వేరే ఎస్ఎంపీఎస్‌తో ప్రయత్నించండి. ఫ్యాన్ తిరిగి బొమ్మ రాకపోతే కేబుల్‌ను ఇంకో పోర్టుకు మార్చండి. డిస్‌ప్లేపోర్ట్‌లో మాత్రమే బూట్ సమయంలో నల్ల తెర వస్తుంటే ఎన్విడియా 2018లో విడుదల చేసిన ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఒకటుంది, మాక్స్‌వెల్, పాస్కల్ రెండింటికీ పనిచేస్తుంది.

ఇవన్నీ అయ్యాక షాపుకు తీసుకెళ్తే, చెప్పే మాటను బట్టి నిర్ణయించుకోండి. కెపాసిటర్ పోయింది, మాస్‌ఫెట్ పోయింది అంటే అది నిలిచే రిపేరు, చేయించుకోవచ్చు. చిప్పును హీట్ గన్‌తో వేడి చేసి ఇస్తామంటే కార్డు వెనక్కి తీసుకుని వచ్చేయండి. అలా లేచిన కార్డు కొన్ని వారాలకే మళ్లీ పడుకుంటుంది, ఇచ్చిన డబ్బు మాత్రం వెనక్కి రాదు.